వాన నీటికి లెక్క చెప్పుకుందాం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

 

డెబ్బై ఐదేండ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయురాలు ఏమి మాట్లాడవలెనో ఒక సంప్రదాయం ఉన్నది. స్థాపకుల త్యాగాన్ని స్మరించాలి. ఉత్తీర్ణుల సంఖ్య చెప్పాలి. తమిళనాట తెలుగు అక్షరాన్ని నిలిపిన గురువులను కొనియాడాలి. ఆ పనిని కార్యదర్శి గారు తమ నివేదికలో నాకంటె చక్కగా నిర్వహించారు. నాకు ఇచ్చిన సమయంలో నేను వాన నీటి గురించి మాట్లాడదలచాను. ఊరి మీద కురిసిన వాన ఎటు పోతుంది, దానికి దారి ఎవరు చూపాలి, ఆ దారికి అయ్యే సొమ్ము ఎవరు చెల్లించాలి అన్నదే నా విషయం. జూబిలీ వేదిక మీద కాలువల ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. నా మాట చివరివరకు వినవలసిందిగా ప్రార్థన. చివర మన జూబిలీ నిధిని గురించిన మనవి ఒకటి ఉన్నది.

2023 డిసెంబరు 17 ఆదివారం. ఆ దినమూ మరునాడూ మన జిల్లాలో ఏమి జరిగినదో మీకు నేను చెప్పనక్కరలేదు. కాయల్‌పట్టినంలో ఒక్క దినంలో సుమారు 95 సెంటీమీటర్ల వాన కురిసింది. తామ్రపర్ణి పొంగింది. శ్రీవైకుంఠం స్టేషనులో నిలిచిపోయిన రైలులో వందలాది ప్రయాణికులు నీటి నడుమ చిక్కుకున్నారు. మన కోవిల్‌పట్టిలో కురిసినది 50 సెంటీమీటర్ల చుట్టుపక్కల. ఇక్కడ సంవత్సరం మొత్తానికి కురిసే వాన సగటున 70 సెంటీమీటర్ల చుట్టుపక్కల. అంటే ఏడాదిలో కురియవలసిన వానలో మూడింట రెండు వంతులు ఒక్క దినంలో మన నెత్తిన పడినది.

అంతటి వానకు ఏ ఊరి కాలువా చాలదు. అది నిజమే. అయితే ఆ వారంలోనే నేను ఇంకొక నిజం తెలుసుకున్నాను. సెలవుల తరువాత బడి తెరిచినప్పుడు, మన ప్రహరీ వెనుక దిగువ వీధిలో కాపురముండే ఏడవ తరగతి అమ్మాయి తడిసి ఉబ్బిపోయిన నోటుపుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "టీచర్, మా ఇంట్లోకి నీళ్ళు మన బడి గేటు కిందనుంచి వచ్చినాయి" అన్నది. ఆ పిల్ల నన్ను నిందించలేదు. చూసినది చూసినట్లు చెప్పినది, అంతే.

ఆ మాట నిజమో కాదో చూడడానికి నేను గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అంతకు నాలుగేండ్ల ముందు, ప్రార్థనా సమావేశంలో పిల్లల కాళ్ళకు బురద అంటుతున్నదని, వేసవిలో దుమ్ము లేస్తున్నదని, ఆటస్థలంలో సగానికి సిమెంటు వేయించినది నేనే. చందాలు మీరు ఇచ్చారు. వాలు వెనుక గేటు వైపు ఉండాలని మేస్త్రీకి చెప్పినది నేను. నీరు మన ఆవరణలో నిలువకుండా పోవాలని చూశాను. పోయి ఎక్కడ చేరుతుందో చూడలేదు.

ఇది మన పిల్లలు ఎనిమిదవ తరగతిలో వేయగల లెక్క. ఒక చదరపు మీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది 10 లీటర్ల నీరు. మన సిమెంటు ఆవరణ సుమారు 2000 చదరపు మీటర్లు. 50 సెంటీమీటర్ల వానకు అక్కడ పడిన నీరు 10 లక్షల లీటర్లు. పది వేల లీటర్లు పట్టే లారీలు నూరు నింపవచ్చు. సిమెంటు మీదా మిద్దె మీదా పడిన వానలో పదింట తొమ్మిది వంతుల వరకు పారిపోతుంది. ఆ నూరు లారీల నీటిలో చాలా భాగాన్ని మనం దిగువ వీధికి పంపాము. ఆ వీధిలో అగ్గిపెట్టెల పనికి పోయే తల్లుల ఇండ్లు ఉన్నవి. అంత వానలో మట్టినేల అయినా నీరు పారేదే అని నన్ను ఓదార్చినవారు ఉన్నారు. కావచ్చు. కాని మామూలు వానకు కూడా ఆ వీధి మునుగుతున్నది సిమెంటు వేసిన తరువాతనే అని అక్కడివారు చెప్పారు. నా తప్పును ఈ సభలో ఒప్పుకొనడం నా ధర్మమని భావిస్తున్నాను.

ఇక మన నేల సంగతి. కరిసల్ అని తమిళులు, నల్లరేగడి అని మనం పిలిచే ఈ మట్టి వేసవిలో నోరు తెరిచి బీటలు వారుతుంది. తొలి వాన ఆ బీటలలోకి దిగుతుంది. తడిసిన కొద్దీ మట్టి ఉబ్బి బీటలు మూసుకొంటాయి. ఆ పైన పడిన వాన తొందరగా ఇంకదు, పారుతుంది. కోవిల్‌పట్టికి జీవనది లేదు. ఉన్నదల్లా ఈశాన్య రుతుపవనం తెచ్చే రెండు మూడు నెలల వాన, దానిని పట్టి ఉంచే చెరువుల వరుస. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అది నిండితే ఇంకొక దానికి నీరు చేరుతుంది. తమిళంలో కణ్మాయి అన్నా, మనం చెరువు అన్నా పని ఒక్కటే. తాగునీటికి వేరుగా ఊరణి ఉండేది. మన ఊరిని ఆనుకొని ఉన్న ఇలుప్పయూరణి పేరులోనే ఆ ఊరణి ఉన్నది. చెట్టు పేరూ నీటి పేరూ కలిసి ఊరి పేరైనవి.

ఇక్కడికి సమీపాన ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి, తమిళంలో రచనలు చేసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కి. రాజనారాయణన్ గారు తెలుగు నాటి నుండి వలసవచ్చి ఈ నేలను సాగుకు తెచ్చినవారి కథను నవలగా చెప్పారు. అలా వచ్చిన మన పూర్వులు నదిని వెంట తెచ్చుకోలేదు. వానను నమ్ముకొన్నారు, వానను కాచుకునే చెరువును అంతకంటె ఎక్కువ నమ్ముకొన్నారు.

ఈనాడు మనం తాగే నీరు తామ్రపర్ణి నుండి, సీవలప్పేరి నుండి గొట్టాలలో వస్తున్నది. అందుచేత చెరువు వైపు చూడడం మానుకున్నాము. చెరువుకు నీరు తెచ్చే ఓడ మీద అంగడి వెలిసింది. అంగడికి మెట్లు, మెట్ల ముందు రోడ్డు వచ్చాయి. రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ పక్కనున్న ఇంటి గడప పల్లమైనది. వాన నీరు మాత్రం తన పాత దారిని మరచిపోలేదు. ఏటా కార్తీకమాసంలో వచ్చి ఆ దారిని వెదుకుతున్నది.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆనాటి ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినది. వరదను నగరం లోపల కాదు, నగరానికి ఎగువన ఆపాలన్నది ఆయన సలహా. ఆ ప్రకారం 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. అవి వరదను ఆపడమే గాక దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు ఇచ్చినవి. ఆ నగరంలోనే 2000 ఆగస్టులో ఒకసారి, 2020 అక్టోబరులో మరొకసారి కాలనీలు మునిగినవి. ఈసారి కారణం నగరం లోపలే ఉన్నది. చెరువుల శిఖం భూములలో ఇండ్లు, నాలాల మీద కట్టడాలు వచ్చినవి. 2024 సెప్టెంబరు తొలి దినాలలో విజయవాడలో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నది. పెద్ద జలాశయం కట్టిన వారినైనా చిన్న కాలువను మరచిపోతే వాన క్షమించదని ఈ అనుభవాలు చెబుతున్నవి.

కాలువ ఎందుకు మరపునకు వస్తుంది? నేను అర్థం చేసుకొన్నంతలో దీనికి సమాధానం సొమ్ము లెక్కలోనే ఉన్నది.

కాలువ కట్టడం ఒక ఖర్చు. కట్టిన కాలువను ఏటేటా పూడిక తీసి పారేలా ఉంచడం వేరొక ఖర్చు. మొదటి దానికి ఏదో ఒక దారిలో సొమ్ము వస్తుంది. చెన్నైలో కొసస్తలయార్ పరీవాహక ప్రాంతంలో వాన నీటి కాలువల కోసం 2021లో ఆసియా అభివృద్ధి బ్యాంకు 25 కోట్ల 10 లక్షల డాలర్ల రుణం ఇవ్వడానికి ఒప్పుకున్నది. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ వరదల నివారణకు 2,500 కోట్ల రూపాయలు సూచించినది. ఆ సొమ్ము ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగుళూరు, హైదరాబాదు, అహ్మదాబాదు, పుణె అనే ఏడు మహానగరాలకు. వాటి అవసరాన్ని నేను కాదనను. కాని కోవిల్‌పట్టి, విరుదునగర్ వంటి ఊళ్ళు ఆ పట్టికలో లేవు. మన మీద పడే వానకు మాత్రం మనది చిన్న ఊరని తెలియదు.

రెండవ ఖర్చు, అంటే పూడిక తీసే ఖర్చు, ఎక్కడిది? పురపాలక సంఘం సాధారణ ఆదాయంలోనిది. అందులోనే జీతాలు, వీధిదీపాల కరెంటు, చెత్త బండ్లు, రోడ్ల గుంతలు అన్నీ ఉన్నవి. మంచినీటి కొళాయికి రుసుము చెల్లిస్తాము, రసీదు ఇస్తారు. నీరు రాకపోతే రసీదు పట్టుకొని అడుగుతాము. వాన కాలువకు రసీదు లేదు. ఏ పద్దులో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయిందని అడిగే అలవాటు మనకు లేదు. అడిగేవారు లేని పని ఎండాకాలంలో వాయిదా పడుతుంది. ఐప్పసి వానలు మొదలైన తరువాత గుర్తుకు వస్తుంది. అప్పటికి కాలువలో ప్లాస్టిక్ సంచులు, ఇండ్ల మరమ్మతుల రాళ్ళూ మట్టీ, దొంగతనంగా కలిపిన మురుగు గొట్టాలు ఉంటాయి. ఆ మురుగు చివరకు ఏ ఓడలోనో ఏ నదిలోనో చేరుతుంది. విరుదునగర్ మిత్రులు తమ కౌశికా నదిని తలచుకుంటే నా మాట అర్థమవుతుంది.

ఇతర దేశాలలో దీనికి ఒక పద్ధతి కనిపెట్టారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ పట్టణం 1974లో వాన నీటి నిర్వహణకు వేరుగా ఒక విభాగాన్ని, వేరుగా ఒక రుసుమును ఏర్పాటు చేసినది. స్థలం ఎంత, దానిలో కట్టడం ఎంత అన్నదానిని బట్టి ఆ రుసుము ఉంటుంది. జర్మనీలో అనేక నగరాలు ఇంటి మురుగునీటికి ఒక రుసుము, వాన నీటికి వేరొక రుసుము వసూలు చేస్తాయి. రెండవది నీరు ఇంకకుండా కప్పివేసిన నేల ఎన్ని చదరపు మీటర్లో దాని ప్రకారం. ఫిలడెల్ఫియా నగరం 2010 నుండి పెద్ద పెద్ద వ్యాపార స్థలాలకు ఈ కొలతను వర్తింపజేసినది. తన ఆవరణలోనే నీటిని నిలిపేవారికి, ఇంకించేవారికి రుసుములో తగ్గింపు ఉన్నది. ఇందులోని న్యాయం ఒకే వాక్యంలో చెప్పవచ్చు: ఎవరు ఎంత నీరు వీధిలోకి వదులుతారో వారు అంత భారం మోయాలి.

ఇది వినగానే మీలో చాలామంది మనసులో మెదిలే మాట నాకు తెలుసు. ఇంకొక పన్నా? 2022లో ఆస్తిపన్ను పెరిగినప్పుడు మధ్యతరగతి ఇండ్లలో ఎంత కలవరం కలిగినదో నేనూ చూశాను. ఆ భయం న్యాయమైనదే. అందుకే రెండు షరతులు లేకుండా ఇటువంటి రుసుమును నేను సమర్థించను. చిన్న పెంకుటింటివారికి అది నామమాత్రంగా ఉండాలి; కల్యాణమండపాలు, మిల్లులు, గిడ్డంగులు, ఎకరాల కొద్దీ సిమెంటు పరచుకున్న మనవంటి సంస్థలు ఎక్కువ ఇవ్వాలి. వచ్చిన ప్రతి రూపాయి కాలువకే ఖర్చయినట్లు అందరికీ కనబడే చోట లెక్క రాసిపెట్టాలి. నేటి పద్ధతిలోనూ పేదవారు చెల్లిస్తూనే ఉన్నారన్న సంగతి కూడా మనం మరువరాదు. వారు చెల్లించేది తడిసిన బియ్యంతో, పోయిన కూలితో, ఉబ్బిపోయిన నోటుపుస్తకాలతో. దానికి రసీదు ఎవరూ ఇవ్వరు.

అయినా ఈ ఆలోచన కోసం మనం విదేశాలకు పోవలసిన పని లేదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉన్నది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువును గురించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు; రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్ల పాటు పనిచేసినట్లు లెక్క కూడా చెప్పారు. లెక్కను రాతి మీద రాసిన జాతి మనది. తెలుగు సీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువును తవ్వించి బాగోగులు చూసేవారికి ఆ చెరువు కింద కొంత భూమి ఈనాముగా ఇచ్చేవారు. చెరువు చెడితే ఆ ఈనాముకు నీరు అందదు. మరమ్మతు చేసేవాని లాభం, చెరువు క్షేమం ఒక ముడిలో ఉండేవి. తమిళనాట కుడిమరామత్తు పేరుతో ఊరివారే కలిసి చెరువు పూడిక తీసేవారు. ఆ పేరుతోనే 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఒక పథకాన్ని తిరిగి ప్రారంభించినది.

విరుదునగర్ నుండి వచ్చిన పూర్వ విద్యార్థులారా, మీ బజారు నడుమ తెప్పకుళం ఉన్నది. దాని చుట్టూ వ్యాపారం చేసిన నాడార్ పెద్దలు మహమై అనే పద్ధతిని పాటించారు. అమ్మిన సరుకు మీద ప్రతి వర్తకుడూ ఒక చిన్న భాగం పొత్తు నిధికి వేసేవాడు. ఆ నిధితో గుడులు, బావులు, బడులు వెలిసినవి. బాల్యంలో కామరాజ్ గారు చదువుకున్న క్షత్రియ విద్యాశాల పిడి అరిసితో నడిచిన బడి. ప్రతి ఇంట అన్నం వండే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరుగా ఉంచేది. ఆ బియ్యమే బడికి ఆదాయం. ఆ పిల్లవాడే ముఖ్యమంత్రియై 1956లో మనకు సమీపానగల ఎట్టయపురంలో మధ్యాహ్న భోజన పథకానికి శ్రీకారం చుట్టారు. పిడికెడు బియ్యం ఎంత దూరం పోగలదో చూడండి. ఏటా ఒకసారి తెచ్చే పెద్ద విరాళం కంటె, దినదినమూ వేసే పిడికెడు గొప్పది. వాన కాలువకు కావలసినది సరిగ్గా అటువంటి సొమ్ము.

ఇక నా మనవి. జూబిలీ నిధి నుండి పాఠశాల ముందు ఒక స్వాగత తోరణం కట్టించాలని కమిటీ తలపెట్టినది. నమూనా చిత్రం కూడా చూశాను, అందంగా ఉన్నది. దానిని వాయిదా వేయవలసిందిగా దాతలను, కమిటీ పెద్దలను చేతులు జోడించి కోరుతున్నాను. ఆ సొమ్ముతో ఇతర పనులు కొన్ని చేద్దాం.

వెనుక గేటు వైపు సిమెంటును తొలగించి, నేలను కొంచెం పల్లం చేసి వేప, కానుగ నాటుదాం. 2003లో రాష్ట్రమంతటా వాన నీటి సేకరణ తప్పనిసరి అయినప్పుడు మన మిద్దెకు కూడా గొట్టం పెట్టారు. దాని కింద గుంట ఎప్పుడో మట్టితో పూడిపోయినది. నల్లరేగడిలో ఉత్త ఇంకుడు గుంట చాలదు. మన మిద్దె వైశాల్యం 600 చదరపు మీటర్లు. సాధారణ సంవత్సరంలో దాని మీద నాలుగు లక్షల లీటర్ల పైన నీరు పడుతుంది. అంతా పట్టలేకపోయినా, దానిలో కొంత భాగానికి నేల కింద తొట్టి కట్టి, వడకట్టి నిల్వ చేస్తే పిల్లల కాళ్ళు కడుగుకొనడానికి, మరుగుదొడ్లకు, చెట్లకు చాలా నెలలు వస్తుంది. మిగిలిన నీటిని దిగువ వీధిలోకి కాక, పురపాలక సంఘం అనుమతితో పెద్ద కాలువలోకి కలుపుదాం.

తరువాత పిడికెడు నిధి. పూర్వ విద్యార్థులు ఏటా తమకు తోచినంత వేయండి. గుర్తుంచుకోండి, ఇది కట్టడానికి కాదు, తవ్వడానికి. ప్రతి సంవత్సరం పురట్టాసి నెలలో, వానలకు ముందు, మన ప్రహరీ నుండి కల్వర్టు వరకు కాలువ పూడిక తీయడానికి పురపాలక సంఘానికి తోడుగా మనం ఖర్చు పెట్టుకుందాం. ఆ పనికి కూలీలకు తగిన కూలి, చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు ఇద్దాం. పిల్లలను కాలువలోకి దింపము. పిల్లలు చేయవలసినది లెక్క. తొమ్మిదవ తరగతి పిల్లలు వానమాపకం పెట్టి ప్రతి వానను కొలిచి నోటీసు బోర్డు మీద రాస్తారు. దాని పక్కనే నిధి జమాఖర్చులు ఉంటాయి. ఆ రెండు లెక్కలనూ ఎవరైనా వచ్చి చూడవచ్చు, అడగవచ్చు.

ఒక బడి చేసినంత మాత్రాన ఊరు మునగకుండా ఉండదు. అది నాకు తెలుసు. ఊరంతటికీ కావలసిన కాలువను పురపాలక సంఘమే చూడాలి, ఆ కాలువకు ప్రత్యేకంగా ఒక పద్దు ఉండాలి, ఆ పద్దుకు అందరూ వారివారి కొలత ప్రకారం ఇవ్వాలి. ఆ మాట అడిగే అర్హత మనకు రావాలంటే, ముందు మన గేటు కిందనుంచి పోయే నీటికి మనం లెక్క చెప్పుకోవాలి.

నోటుపుస్తకాలు తడిసిన ఆ అమ్మాయికి ఆనాడు కొత్త పుస్తకాలు ఇప్పించాను. అది తేలికైన పని. ఆ పిల్ల చెప్పిన మాటకు జవాబు మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఆ జవాబు ఈ సభలో కూర్చున్న మీ అందరి చేతులలో ఉన్నది. రాబోయే ఐప్పసి వానకు ముందు దానిని ఇవ్వగలిగితే, మన పాఠశాల డెబ్బై ఐదేండ్ల పండుగను సార్థకంగా జరుపుకున్నదని నేను సంతోషిస్తాను.